అర క్షణం లేటు కరీమ్ గారు

అబ్దుల్ కరీమ్ గారిలో లోపం ఒక్కటే. వెదురు బొంగులు కలపాల్సిన సమయానికి కచ్చితంగా అర క్షణం ఆలస్యంగా కలుపుతారు.

జర్మనీలో, కార్ల్స్‌రూహెలోని ఫిలిప్పీన్స్ వాళ్ల బృందం శనివారాలు టినిక్లింగ్ అనే వెదురు బొంగుల నాట్యం సాధన చేస్తుంది. ఇద్దరు రెండు పొడవాటి బొంగులను చెరో చివర పట్టుకుని రెండుసార్లు నేలకు తట్టి, మూడోసారి ఒకదానికొకటి కొడతారు. ఆ సందులోంచి ఆడేవాళ్లు కాలు తీసెయ్యాలి, తియ్యకపోతే చీలమండ పని అయిపోయినట్టే. వరిపొలాల్లో రైతులు పెట్టిన వెదురు ఉచ్చులను టిక్లింగ్ పిట్ట తప్పించుకునే తీరే ఈ నాట్యమని వాళ్ల పెద్దలు చెబుతారు.

ఒక చివర మన తెలుగాయన కరీమ్ గారిది, రెండో చివర రిషితది. వరంగల్ నుంచి ఎమ్మెస్‌కు వచ్చి, లూజ్విమిండా ఆంటీ ఇంట్లో అద్దెకుంటూ ఇందులో ఇరుక్కుంది. తన చివర ఠక్కుమంటే కరీమ్ గారి చివర తీరిగ్గా మోగేది. అడిగితే ఆయన దగ్గర వారానికో సాకు. ఒకసారి ట్రామ్ కుదుపు ఇంకా ఒంట్లోంచి పోలేదన్నారు. ఇంకోసారి తప్పంతా బొంగులదే అన్నారు.

"ఇది జర్మనీల కొన్న వెదురు బేటా. టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, లేకుంటే కదలదు."

రిషితకు నవ్వు వచ్చేది కాదు. ఫిలిప్పీన్స్‌లోని లేటే ద్వీపంలో పుట్టి, ఇక్కడ నర్సుగా రిటైరైన ఆంటీకి డెబ్భై ఒకటి. శరదృతువులో మోకాలి ఆపరేషన్. వేసవి ఉత్సవమే ఆవిడ ఆడబోయే చివరి వేదిక. దాన్ని ఈయన చేతుల్లో పెట్టలేక, ఆయన్ని మర్యాదగా తప్పించడానికి రుజువుగా రిషిత సాధనను వీడియో తీసింది.

ఇంటికెళ్లి నెమ్మదిగా నడిపి చూసింది. మిగతావాళ్లు ఆడేటప్పుడు ఆయన తాళం గడియారమే. ఆంటీ కుడికాలు లోపలున్నప్పుడే చెయ్యి ఆగుతోంది. ఆ కాలు బయటికి రావడం కూడా సరిగ్గా అర క్షణం ఆలస్యమే. రిషితకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మరుసటి శనివారం వీడియో చూపిస్తే ఆయన తల కూడా ఎత్తలేదు.

"పిట్ట దొరికిపోతే ఇంక డాన్స్ యాడిది బేటా? ఆమెకు మాత్రం చెప్పకు."

ఉత్సవంలో బొంగు ఆంటీ కాలిని ఒక్కసారి కూడా తాకలేదు. జనం మాత్రం కరీమ్ గారి తాళానికి కడుపుబ్బ నవ్వారు. రహస్యం బయటపడకుండా రిషిత కూడా అందరి ముందూ ఆయన్ని గట్టిగా కసిరింది.

ఆంటీకి జాలేసింది. ఆయన భుజం తట్టి ఇంగ్లీషులో ఓదార్చింది.

"బాధపడకు కరీమ్. నీ చెయ్యి నిదానమని తెలిసే, నీకోసం నా కుడికాలు కాస్త ఆపి తీస్తున్నాను."

కరీమ్ గారు తల వంచుకుని బుద్ధిగా థాంక్స్ చెప్పారు.