గోలు పడినా శభాష్

కిందటి నెల మా పక్కింటి మామ్మ పోయింది. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కీ వాళ్ళ క్వార్టర్‌కీ మధ్య ఒకటే గోడ ఉండేది. ఇప్పుడు నేను అదే ఊళ్ళో, తెలీబంధా అనే పేటలో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఆవిడ కొడుకు ఫోన్ చేసి, "అమ్మ నిద్దర్లోనే వెళ్ళిపోయిందిరా. ముందు నీకే చెప్పాలనిపించింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఎవరూ గుర్తుకు రాలేదు.

నేను ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. ఆఫీసులో ఎవరితోనైనా ఈ మాట అంటే "ఏ మ్యాచ్‌లో?" అని అడుగుతారు. ఏ మ్యాచ్‌లోనూ కాదు. రైల్వేలో చేరిన కొత్తలో మా కాలనీ క్లబ్బుకి నేను రెండో గోల్‌కీపర్ని. మొదటి గోల్‌కీపరుకి జ్వరమన్నా రాలేదు, మహానుభావుడు. టోర్నమెంట్లకి ఆరంగ్ దాకా వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, అరటిపండు తిని తిరిగొచ్చేవాణ్ణి. నా ఆటంతా సాయంత్రం ప్రాక్టీసులోనే. దాన్ని చూడడానికని పనిగట్టుకుని వచ్చిన మనిషి మామ్మ ఒక్కతే.

కొడుకు ఉద్యోగంతోపాటు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిందావిడ. సాయంత్రం కాగానే గోలు పోస్టు వెనక పీట వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చునేది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆవిడకి తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. మ్యాచ్‌లకి మాత్రం బతిమాలినా వచ్చేది కాదు. "ఆ మేచీలో అందరూ లేచి నిలబడిపోతారు. ఈపులు సూడ్డానికి అంత దూరం రావాలేటి?" అనేది. నేను బంతి వదిలేస్తే, తప్పంతా దానిదే అన్నట్టు బంతికేసి గుడ్లురిమి చూసేది.

ఒక ఏడాది ఫైనల్లో ఓడిపోయాం. మా కార్నర్ కిక్ ఎత్తులన్నీ అవతలివాళ్ళకి ముందే తెలిసిపోయాయనీ, ప్రాక్టీసు చూడ్డానికొచ్చే జనంలోంచే ఎవరో చేరవేశారనీ పెద్ద రభస జరిగింది. ఇకనుంచి ప్రాక్టీసుకి బయటివాళ్ళు రాకూడదని క్లబ్బు తీర్మానించి, గ్రౌండు చుట్టూ పచ్చ గుడ్డ కట్టేసింది.

మర్నాడు మామ్మ పీటతో సహా వచ్చి గేటు దగ్గర కోచ్‌ని నిలదీసింది. ఆయన ఛత్తీస్‌గఢ్ మనిషి, నెమ్మదస్తుడు. ఆవిడది సగం హిందీ, సగం తెలుగు. అయినా ఆయనకి అంతా అర్థమయ్యేది.

"ఎత్తుల సంగతి అటుంచండి మాతాజీ," అన్నాడాయన హిందీలో. "కుర్రాళ్ళు తప్పులు చేయడానికి ఓ చోటుండాలి. జనం చూస్తుంటే భయపడతారు, కొత్తది ఏదీ ప్రయత్నించరు."

అది అబద్ధం కాదు. గట్టు మీద కూర్చుని వెక్కిరించేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు నవ్విన రోజున నా చేతులు కొయ్యబారిపోయేవి.

"నవ్వినోళ్ళని తగిలెయ్ బాబూ. హమ్ హసా క్యా? నానెప్పుడైనా నవ్వినానా?" అంది మామ్మ. అంతటితో ఊరుకోలేదు. నాకేసి చెయ్యి చూపించింది. "మేచీలో ఆణ్ణి ఆడించరు. ఇక్కడ నన్ను సూడనివ్వరు. మరి ఆణ్ణి ఎవులు సూడాలి?"

జట్టు ముందు సిగ్గుతో చచ్చిపోయాను. సంతోషం కూడా వేసింది, దాచుకోలేనంత.

కోచ్ తల గోక్కున్నాడు గానీ గేటు తియ్యలేదు. తీర్మానం ఆయనొక్కడిదీ కాదు మరి. మామ్మ ఇంటికీ వెళ్ళలేదు. గుడ్డకి అవతల, సరిగ్గా నా గోలు పోస్టు వెనకే పీట వేసుకుంది. ఏమీ కనబడదు. బంతి చప్పుడు వినబడినప్పుడల్లా "శభాష్ నాయనా!" అని కేకేసేది. పట్టినా శభాషే, వదిలేసినా శభాషే. ఒకసారి బంతి నా కాళ్ళ సందులోంచి తాపీగా దొర్లుకుంటూ వెళ్ళి వలలో పడింది. వెనకనుంచి నిక్షేపంగా "శభాష్!" అని వినిపించింది. జట్టంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. కోచ్ నవ్వలేక నేలమీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి వెళ్ళి, ఆ మూల గుడ్డ ముడి తనే విప్పాడు. "లోపలికి రండి మాతాజీ. కనీసం చూసి మెచ్చుకోండి" అన్నాడు.

లోపలికొచ్చాక కూడా ఆవిడ ఏమీ మారలేదు. కళ్ళముందు గోలు పడితే శభాషేమిటి మామ్మా అని ఓసారి విసుక్కున్నాను. "నాను ఆట కోసరం వచ్చినానేటి? నీ కోసరం వచ్చినాను" అంది, చిక్కుడుకాయ విరుస్తూ.

ప్రాక్టీసుని అభిమానులకి చూపించాలా వద్దా అన్న వాదన ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాను. కోచ్ మాటలో న్యాయం ఉంది. కానీ మ్యాచ్‌కి వచ్చినవాళ్ళకి ఆడేవాళ్ళే కనబడతారు. నాలాంటివాళ్ళు కనబడేది ప్రాక్టీసులోనే. నాకు కప్పు లేదు, ఫొటో లేదు. ఆనాటి జట్టువాళ్ళు బదిలీల మీద తలో ఊరూ పోయారు. వీడు ఆడాడని చెప్పే మనిషి ఇప్పుడు ఈ ఊళ్ళో లేదు. ఒక్కోసారి నిజంగా ఆడానా అని నాకే అనుమానం వస్తోంది.

మామ్మ పెద్దకర్మ భోజనాలయ్యాక కాలనీ గ్రౌండు వైపు నడిచాను. ఇప్పుడక్కడ పిల్లలకి కోచింగ్ ఇస్తున్నారు. గుడ్డ పోయి, తలకంటే ఎత్తుగా రేకులొచ్చాయి. కన్నవాళ్ళు కూడా బయటే, స్కూటర్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. గోలు పోస్టు ఉండాల్సిన చోటు చూసుకుని రేకుకి ఇవతల నిలబడ్డాను. లోపల బంతి చప్పుడైంది. పట్టారో వదిలేశారో తెలియలేదు.

"శభాష్!" అన్నాను, గట్టిగానే.

స్కూటర్ల మీదవాళ్ళు తలెత్తి నాకేసి చూశారు. లోపల ఆట కాసేపు ఆగింది. తరవాత బంతి మళ్ళీ ఎవరి చేతులకో తగిలింది.