డ్రాయింగు మాస్టారి డబ్బాలు

తెనాలిలో నేను లెక్కలు చెప్పే రోజుల్లో మా బడి వరండా గోడమీద డ్రాయింగు మాస్టారి డాల్డా డబ్బాలు వరసగా ఉండేవి. అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మట్టిలో సగం ఇసుక కలిపి, బాపట్ల నుంచి తెచ్చిన సెడమ్ మొక్కలు పెంచేవారాయన. వాటి ఆకులు నానిన బియ్యపు గింజల్లా ఉబ్బి ఉండేవి. రోజూ పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి చూసి, "ఇంకా దాహం లేదండి" అనేవారు. పది రోజులకొక గ్లాసుడు నీళ్లు పోసేవారు, అంతే.

"ఏంటి మాస్టారూ, పస్తులు పెడుతున్నారు పాపం!" అనేవాణ్ణి నేను.

"ఎక్కువ పోస్తే కుళ్లిపోతాయండి" అని నవ్వేవారు.

ఒక ఏడాది మా బడి నుంచి ఒకరిని రేపల్లె బదిలీ చెయ్యాలన్నారు. అందరికన్నా చివర చేరినవాణ్ణి కాబట్టి వెళ్లవలసింది నేనే. అంతలో డ్రాయింగు మాస్టారి మీద ఎవరో అర్జీ రాశారు. పిల్లలు తాగే నీళ్లు బిందెలకొద్దీ మొక్కలకు పోస్తున్నారట. సంతకం కోసం నా దగ్గరకు తెచ్చారు. అది అబద్ధమని అందరికన్నా బాగా నాకే తెలుసు. భయంతో పెట్టానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గానీ, తెలిసే పెట్టాను. బదిలీ ఆయనకు పడింది.

వెళ్లే రోజు ఆయన ఒక డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టారు. అర్జీ ఆయనకు చూపించారని అప్పటికే విన్నాను. తలెత్తలేకపోయాను. ఆయన మామూలుగానే మట్టిలో వేలు గుచ్చి చూశారు.

"ఇంకా దాహం లేదండి. వారం దాకా నీళ్లు పొయ్యొద్దు."

గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"అయినా ఆ సంగతి మీకు తెలియందేముంది మాస్టారూ."