అందరికంటె జల్దీ ఖాళీ అయిన ఊపిరితిత్తులు

పటాన్‌చెరు ఫ్యాక్టరీలు మొత్తంల అణుశక్తితోటి బొమ్మ తీయించుకున్న మొట్టమొదటి ఊపిరితిత్తులు నావే. ఆ బొమ్మ నా కాపురానికి ఎట్ల అగ్గిపెట్టిందో చెప్త, జెర గట్టిగ కూసోండి.

తొంభైలల్ల సంగతి. మందుల ఫ్యాక్టరీల పనిజేస్తున్న. పట్నం దవాఖాన నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, "పొగ తాగేవాళ్లు, తాగనివాళ్లు ఇద్దరూ కావాలి. ఊపిరితిత్తుల్లో తేడా చూస్తాం" అన్నది. నేను ఛాతీ విరిచి తాగనోళ్ల లైన్ల నిలబడ్డ. నిలబడక తప్పుతదా? "ఇంకొక్క బీడీ ముట్టినవో, పిల్లనెత్తుకొని కొండాపూర్ మా అవ్వగారింటికి పోత" అని నా పెండ్లాం సుగుణ ఒట్టేయించుకున్నది. ఇంట్ల ఒట్టు నిలబెట్టిన. బాయిలర్ ఎనక సంగతి మీరు అడగొద్దు.

పరీక్షనాడు సుగుణ గూడ వెంబడి వచ్చింది. నా నోట్ల గొట్టం పెట్టి, అణుమందు కలిపిన మంచులాంటి ఆవిరి పీల్పించిన్రు. బీరువంత కెమెరా ముంగట కూసోబెట్టిన్రు. తెరమీద నా ఊపిరితిత్తులు రెండూ పెండ్లి పందిరి లెక్క మెరిసి, చూస్తుండంగనే మసకబారినయి.

"అరే, మందు ఎంత తొందరగా పోతోంది!" అన్నది డాక్టరమ్మ.

"అందరికంటె జల్దీనా మేడం?"

"ఇప్పటిదాకా చూసిన అందరికంటే."

ఇగ నన్ను పట్టేటోడెవడు? ఫ్యాక్టరీల నేను నేర్చింది ఒక్కటే, బ్యాచ్ ముందుగాల దించినోడే మొనగాడు! వరండాలకు ఉరికి, మా షిఫ్టోళ్లందరి ముంగట ఒర్లిన: "నేనే ఫస్టు! నా ఊపిరితిత్తులే ముందుగాల ఖాళీ జేసినయి!"

సుగుణ మొకం వెలిగిపోయింది. "మా ఆయన మాట తప్పే మనిషి కాదు" అని పక్కామెకు చెప్పింది.

డాక్టరమ్మ తలుపుకాడికొచ్చి, "మొగులయ్య గారూ, ఒకసారి లోపలికి రండి" అన్నది.

"దాచుడెందుకు మేడం? గీడనే, అందరు ఇనేటట్టు చెప్పుండ్రి!"

"సరే. పొగ తాగితే ఊపిరితిత్తుల లోపలి పొర దెబ్బతింటుంది. అప్పుడు మందు ఆగదు, గబగబా రక్తంలోకి జారిపోతుంది. రోజుకు ఎన్ని కట్టలు తాగుతారు?"

సుగుణ లేచి, కొంగు బిగించి, కొండాపూర్ బస్సు ఎక్కడ ఆగుతదని పక్కామెను అడిగింది.

మొదటి ఊపిరితిత్తులు నావే అన్న గదా, అది ఉత్త కోత. మా ఫ్యాక్టరీ నుంచి పద్నాలుగు మందిమి పోయినం, నాది ఆఖరి నంబరు. అయినా జల్దీ ఖాళీ చేసుట్ల ఫస్టు నేనే, ఆ సంగతి ఎవ్వడు కాదనడు. ఆనాడే బీడీ ఇడిసిన. అంతకన్న పెద్ద ఒట్టు ఒకటి పెట్టుకున్న: డాక్టరు లోపలికి రమ్మంటే, నోరు మూసుకొని లోపలికే పోవాలె.

గిది రాస్తుంటే సుగుణ ఎనకనుంచి తొంగిచూసి అన్నది: "ఆనాడే ఎక్కడ ఇడిసినవయ్యా? నేను మూడు నెలలు మా అవ్వగారింట్ల కూసున్నంక ఇడిసినవు. గది గూడ రాయి."