తీసేసిన మీసం, దించని బరువు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పుస్తకంలో ఎలా ఉంటే లోకం అలా నడవాలి, నడవకపోతే తప్పు లోకానిది. బోగోలు దగ్గర ఒక రొయ్యల ల్యాబులో కొత్తగా చేరి, బిట్రగుంటలో అక్కావాళ్లింట్లో మకాం పెట్టాను. మూతి మీద అప్పుడప్పుడే మీసం (అది మీసమని నేను చెబితే తప్ప ఎవరికీ తెలిసేది కాదు). దానికి రోజూ ఆముదం రాసేవాడిని. అన్నం తింటే జిడ్డు, ఎండకు దురద, అద్దం ముందే సగం పొద్దు పోయేది. "ఎందుకురా నీకా మోత?" అని అక్క నవ్వేది.

మా చిన్నాన్నకు ఉప్పుకాలవ పక్కన రొయ్యల గుంట ఉంది. జబ్బు వచ్చినప్పుడల్లా మేతలో మందు కలిపి కలిపి, చివరికి ఆ మందుకు బ్యాక్టీరియా చావడం మానేసింది. ఇంకొక్క పంట పోతే గుంట వదులుకోవాల్సిందే. దిగులుగా ల్యాబుకొచ్చాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి పాఠం మొదలుపెట్టాను. "ఆ బ్యాక్టీరియా లోపల ప్లాస్మిడ్ అని చిన్న డీఎన్ఏ ఉంగరం ఉంటుంది చిన్నాన్నా. మందును తట్టుకునే విద్యంతా దాంట్లోదే. కానీ దాన్ని మోయడానికి తిండీ ఓపికా ఖర్చు. మందు ఆపేశామనుకో, మోసేవి వెనకబడతాయి, మోయనివి పెరుగుతాయి. అప్పుడు పాత మందే మళ్లీ పనిచేస్తుంది. పనికిరాని బరువు ఎవరు మోస్తారు?"

చిన్నాన్న నా మూతి వైపే చూస్తూ, "అట్లయితే నువ్వెందుకబ్బయా దాన్ని మోస్తా ఉండావు?" అన్నాడు.

ల్యాబంతా ఘొల్లుమంది. రోషం పొడుచుకొచ్చి, "అవి వదలకపోతే మీసం తీసేస్తా!" అనేశాను.

గుంట నీళ్లలోని బ్యాక్టీరియాను సీసాలో మందు చుక్క తగలకుండా పెంచాను. రోజూ కాస్త తీసి కొత్త పోషక ద్రవంలోకి మార్చేవాడిని (మా అక్క కొడుకును కూడా నేనంత శ్రద్ధగా ఎత్తుకోలేదు). వారాలు గడిచాక మందు కలిపిన పళ్లెంలో వేసి చూస్తే, ఏమీ ఎరగనట్టు హాయిగా పెరిగి కూర్చున్నాయి. మా ల్యాబు పెద్ద మేడమ్ పళ్లెం చూసి నవ్వింది. "ఆ ఉంగరాన్ని ఎన్నాళ్లుగానో మోసి మోసి ఒళ్లు సర్దుకున్నాయి బాబూ. ఇప్పుడది వాటికి బరువే కాదు. ఏదన్నా ఒకటి పారేసినా, పక్కది మళ్లీ అంటగడుతుంది."

ఇంటికెళ్లేసరికి, కబురు ముందే అందుకున్న చిన్నాన్న వసారాలో బావ రేజరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "మందు మాట ఇంక వద్దులేబ్బయా. గుంట ఎండగట్టి, సున్నం చల్లి, రొయ్యపిల్లల్ని పల్చగా వదుల్తా. ముందు నువ్వు కూర్చో." ఆ పంట నిలబడింది. గుంటా నిలిచింది. నా మీసమొక్కటే పోయింది.

పోయిందన్న మాటేగానీ, నెల తిరగకుండా మళ్లీ పెంచాను. ఇప్పుడు నెల్లూరు కాలేజీలో నేను ప్లాస్మిడ్ పాఠం చెబుతుంటే పిల్లలు "అంత ఖర్చు పెట్టుకుని ఎందుకు వదలవు సార్?" అని అడిగినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతుంది. నెరిసింది, రంగు వేసే పని కూడా తోడైంది. అద్దంలో ఒక్కోసారి ఆ ఆముదం కుర్రాడు కనిపిస్తే ముచ్చటేస్తుంది. నాకిప్పుడు ఆ దురదా లేదు, అంత తెలివీ లేదు.