నేను గోడలు పీకించిన ఆఫీసు

ఇరవై ఆరేళ్ల వయసులో నేను పదకొండు మంది పనిచేసే ఒక ఆఫీసును ఒక్క ఆదివారంలో నాశనం చేశాను. నిప్పు పెట్టలేదు, నీళ్లలో ముంచలేదు. ఒక గ్రాఫ్ పేపరు, ఒక పెన్సిలు, బోలెడంత తెలివి వాడానంతే. ఆ తెలివి నాది కావడం వల్లే కొంప మునిగింది.

నాచారం పారిశ్రామిక వాడలో నీటి మోటార్లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. కింద వర్క్‌షాపు, పైన ఆఫీసు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకీ వస్తున్న రోజులవి. ఆఫీసు నిండా ప్లైవుడ్‌తో కట్టిన అగ్గిపెట్టెల్లాంటి గదులు. ఒకదాంట్లో మేరీ మేడం. మోటారు కాలిపోయిందని ఫోన్ చేసి తిట్టే కస్టమర్లకు ఓపిగ్గా జవాబు చెప్పడం ఆమె ఉద్యోగం. పక్కదాంట్లో స్టోర్సు చూసే యాదగిరి అన్న. నారపల్లి నుంచి కోడి కూయకముందే బయల్దేరి వచ్చేవాడు. మేడం గదికి ఇంకో పక్కన ఆర్డర్లు టైపు చేసే శీనుని నేను.

ఒకరోజు మాదాపూర్‌లో స్నేహితుడి ఆఫీసు చూడ్డానికి వెళ్లాను. ఎక్కడా గోడ లేదు. ఈ చివర నిలబడితే ఆ చివరి మనిషి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. నాకు మతి పోయింది. ఉప్పల్ దాకా బస్సులో నిలబడే వచ్చినా కాళ్లనొప్పి తెలియలేదు.

మర్నాడే మా ఓనరు సారు దగ్గరికి వెళ్లాను. యాభై దాటిన మనిషి, నిదానస్తుడు.

"సార్, మన దగ్గర గోడలు ఎక్కువైనయి."

"గోడలు లేకుంటే కప్పు ఎట్ల ఆగుతది శీను?"

"చెక్క గోడల సంగతి చెప్తున్న సార్. అవి తీసేస్తే మనుషులు ఒకరితోని ఒకరు మాట్లాడుకుంటరు. పని ఉరుకుతది."

"మేరీ మేడంను, యాదగిరిని అడిగినవా?"

"వాళ్లకేం తెలుసు సార్."

ఆ మాట అన్న నోరు ఇవాళ దొరికితే గోనెసంచి కుట్టే సూదితో కుట్టేస్తాను.

సారు మెత్తని మనిషి, ఒప్పుకున్నాడు. ఆదివారం సారు గదితో సహా చెక్క గోడలన్నీ లేచిపోయాయి. సోమవారం అందరూ వింతగా చూసి నవ్వుకున్నారు. బుధవారానికి ఆఫీసు పరీక్ష హాలులా తయారైంది. ఒకరు తుమ్మితే పదిమంది తలెత్తేవారు. మేరీ మేడం ఫోన్ మీదికి వంగి, కొంగు అడ్డం పెట్టుకుని గుసగుసలాడేది. వినబడక కస్టమర్లు రెట్టింపు అరిచేవారు. మధ్యాహ్నం పది నిమిషాలు కునుకు తీసే అలవాటున్న యాదగిరి అన్న, చేతిలో పెన్ను పట్టుకుని కళ్లు తెరిచే నిద్రపోవడం సాధన చేశాడు. పెన్ను కిందపడేది. పదిమంది తలెత్తేవారు.

బాత్రూం ముందు మాత్రం ఎప్పుడూ వరస ఉండేది. ఇంత మందికి ఒకేసారి కడుపు పాడైందేమిటని నేను అనుకున్నానే తప్ప, ఆఫీసు మొత్తంలో గడియ ఉన్న తలుపు అదొక్కటే మిగిలిందని నా బుర్రకు తట్టలేదు.

"చూసిన్రా సార్, ఎంత నిశ్శబ్దమో," అని సారు దగ్గర మురిసిపోయాను. ఆయన మోగుతున్న ఫోన్ పట్టుకుని కిందికి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. ఆ మాదాపూర్ ఆఫీసులో ఉద్యోగానికి నేను దొంగచాటుగా దరఖాస్తు పెట్టాను. నెల తర్వాత ఒకరోజు పదకొండింటికి ఫోన్‌లో ఇంటర్వ్యూ అన్నారు. ఎక్కడ మాట్లాడాలి? హాల్లో ఇరవై చెవులు. కింద మిషన్ల మోత. చివరికి నేనూ బాత్రూం ముందు నిలబడ్డాను. యాదగిరి అన్న ఎర్రటి కళ్లతో బయటికొచ్చాడు.

"జర కన్ను మూసిన తమ్మీ. నీ హాల్ల మూస్తే అందరు సూస్తరు," అన్నాడు.

లోపలికి దూరి గడియ పెట్టానో లేదో ఫోన్ మోగింది. ఇంటర్వ్యూ కదా, భాషకు కూడా ఇస్త్రీ చేశాను.

"ఇప్పుడున్న చోట మీరు సాధించిందేమిటి?"

"మా ఆఫీసు రూపమే మార్చేశాను సార్. మా ఓనరు పాతకాలం మనిషి. ఆయనకు అన్నీ నేనే నేర్పాను. ఇప్పుడు ఇక్కడ అందరూ చాలా సంతోషంగా ఉన్నారు."

"గొంతు గుంయ్‌మంటోంది. ఎక్కడున్నారు?"

"కాన్ఫరెన్స్ హాల్లో సార్."

తలుపు టకటకలాడింది. "శీనూ, నీ కాన్ఫరెన్స్ అయితే జర బయటికి రా. పావుగంట నుంచి నిలబడ్డ," అంది మేరీ మేడం.

బాత్రూం వెంటిలేటరు హాల్లోకే ఉంటుందనీ, దాని అద్దం పగిలి ఏడాదైందనీ నాకు తెలుసు. ఆ క్షణంలో గుర్తు లేదంతే. నెల రోజుల్లో మొదటిసారి హాలంతా పకపకా నవ్వింది. ఫోన్‌లో ఆయన దగ్గి, "మేం కబురు చేస్తాం" అన్నాడు. ఇవాళ్టిదాకా చేయలేదు.

తలుపు తీశాను. మేరీ మేడం వెనకాల సారు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన నన్ను చూడకుండా ఆమెను అడిగాడు.

"చెప్పు మేడం. సంతోషంగ ఉన్నవా?"

"ఫోన్ల ఎవడన్న అడ్డగోలుగ తిడితే, పెట్టేసినంక రెండు నిమిషాలు ఏడ్సేదాన్ని సార్. మల్ల మొఖం తుడుసుకొని ఇంకో ఫోన్ ఎత్తేదాన్ని. ఇప్పుడు ఏడ్సేతందుకు గూడ లైన్ల నిలబడాలె. శీను అడిగితే అప్పుడే చెప్తుంటి."

నవ్వు ఆగిపోయింది. నాలుగేళ్లుగా పక్క గదిలో కూర్చుని, ఆమె గొంతు ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటుందని నేను మెచ్చుకునేవాణ్ని. ఆ ప్రశాంతత ఎక్కణ్నుంచి వస్తోందో ఒక్కసారీ ఆలోచించలేదు.

"తప్పయింది మేడం," అన్నాను. ఈసారి భాషకు ఇస్త్రీ లేదు.

సారు గొంతు సవరించుకున్నాడు. "నేను గూడ ఇంటి నుంచి ఫోనొస్తే కిందికి వోయి కార్ల కూసుంటున్న. ఆదివారం వచ్చి గోడలు పెట్టు. ముందు మేడంకు. కార్పెంటర్‌ను పిలువకు, నువ్వే కొట్టు."

ఆదివారం మేకుల కంటే నా బొటనవేలికే ఎక్కువ దెబ్బలు పడ్డాయి. చర్చి నుంచి నేరుగా వచ్చిన మేరీ మేడం చెక్క రెండో చివర పట్టుకుని, "వంకర పోయింది, పీకి మల్ల కొట్టు," అని నాలుగుసార్లు పీకించింది. ఐదోసారి బాగుందంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకరు కూర్చునే చోటును వాళ్లను అడక్కుండా ఈ జన్మలో మార్చను. ఇంట్లో కుర్చీ జరపాలన్నా మా ఆవిడనూ ఇద్దరు పిల్లలనూ సమావేశపరుస్తాను. మొన్న నా మంచాన్ని కిటికీ వైపు జరుపుదామా అని అడిగాను. చర్చ ఇంకా నడుస్తోంది. నేను వరండాలో పడుకుంటున్నాను.