కోడలి ఒళ్లో బఠాణీలు

మా కోడలికి ఓపిక లేదంటే ఎవరూ నమ్మరు. ఇన్నేళ్లుగా నాతో వేగుతోంది కదా అంటారు. నాతో వేగడం వేరు, తనకు తెలిసిన పని ఇంకొకరు తడుముకుంటూ చేస్తుంటే చూస్తూ కూర్చోవడం వేరు.

ఆమెది సాఫ్ట్‌వేర్ పని. రక్తపరీక్షల ఫలితాలను డాక్టర్ల కంప్యూటర్లకు చేర్చే ప్రోగ్రామ్‌ను చూసుకుంటుంది. నాకు చదువు అంతంతమాత్రమే గానీ చెవులు బాగా పనిచేస్తాయి. ఆ ప్రోగ్రామ్ ఎక్కడ ఆగినా ఫోను మా ఇంట్లోనే మోగేది. అడిగినవాళ్లకు ఈవిడ చెప్పేది కాదు. "మీరుండండి, నేను చేసేస్తా" అనేది, చిటికెలో చేసేసేది. వాళ్లు మళ్లీ ఫోను చేసేవాళ్లు. చేయక చస్తారా?

ఇంతలో ఆఫీసులో కొత్త జట్టు ఒకటి పెట్టారు. మొదటినుంచీ కట్టుకురావాల్సిన ప్రోగ్రామ్. ఆమె ఎప్పటినుంచో కోరుకుంటున్న పని. వెళ్తానంటే పై అధికారి ఒక్కటే మాటన్నాడట: "నువ్వు వేలు పెట్టకుండా ఇక్కడి పని నడవనీ, ఆ రోజే పంపిస్తా." ఆ పూట కంచంలో అన్నం కెలికి లేచిపోయింది.

ఇప్పుడున్న జట్టులో కొత్తగా చేరిన కళ్లజోడాయనకు ఈవిడ తన పని నేర్పాలి. ఆఫీసుకు రంగులేస్తున్నారని మా ఇంటికే వచ్చాడు. ఆమెకంటే పెద్దవాడు, మర్యాదస్తుడు, వేళ్లు మాత్రం నత్తలు. వాళ్లకో పద్ధతుంది: తెలిసినవాళ్లు నోటితో చెప్పాలి, తెలియనివాళ్లు చేత్తో చేయాలి. మా కోడలు కాసేపు చెప్పింది. ఆపైన కీబోర్డు లాగేసుకుంది.

"ఏమ్మాయ్, ఆయన చేతులేమైనా అరిగిపోయాయా?" అన్నాను వంటింట్లోంచి.

"ఇలా అయితే మా పని తెల్లారినట్టే అత్తయ్యా!"

"నీకు కొత్త పని కావాలా, ఈ కీబోర్డు కావాలా?"

ఆయన తల వంచుకుని నవ్వాడు. "మేడమ్ చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుందమ్మా. ఇంటికెళ్తే ఒక్క ముక్క గుర్తుండదు."

కోడలి మొహం పాలిపోయింది. నేను పచ్చి బఠాణీకాయల గిన్నె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను.

"ఇవి ఒలువు. చెప్పడానికి నోరు ఖాళీయేగా!"

రంగులు ఆరేదాకా అలాగే సాగింది. ఆయన తప్పు నొక్కినప్పుడల్లా గింజలు గోడకు తగిలేవి. ఆయన తన తప్పు తనే పట్టుకున్నప్పుడు మాత్రం ఈవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కంచంలో మళ్లీ బఠాణీలు చూసి మా అబ్బాయి నాకు దండం పెట్టాడు.

తర్వాత ఆయన ఆఫీసులో ఒక పొడుగమ్మాయికి నేర్పాడు, అదే పద్ధతిలో.

ఒక మధ్యాహ్నం కళ్లజోడాయన ఫోను చేశాడు. కోడలు స్పీకరు నొక్కింది.

"ఫలితాలు ఆగిపోయాయి మేడమ్."

"ఉండండి, నేను..."

"అయ్యో, ఇప్పుడు వెళ్తున్నాయండీ. చెబుదామనే చేశాను. మన పొడుగమ్మాయి బాగుచేసింది. అసలెందుకు ఆగుతోందో కూడా పట్టేసింది."

ఆయన వివరిస్తుంటే ఊ కొడుతూ విన్నది. ఫోను పెట్టేశాక గోడకేసి చూస్తూ, "ఇన్నాళ్లూ బాగుచేసుకుంటూ పోయానే గానీ, ఎందుకని చూడనేలేదత్తయ్యా" అంది.

"బాధగా ఉందా?"

"కొంచెం" అని, అంతలోనే నవ్వేసింది.

అధికారి మాట నిలబెట్టుకున్నాడు. కొత్త జట్టులో ఇప్పుడు అందరికంటే వెనకబడ్డది ఈవిడే. నిన్న పొద్దున ముందుగదిలోంచి ఫోనులో ఆమె మాట వినబడింది: "మీరు చేసేయకండి బాబూ, నోటితో చెప్పండి. నేను చేసుకుంటా."

అవతలి మనిషికి ఓపిక తక్కువలా ఉంది. బఠాణీలు పంపమంటావా అని అడిగాను.