అవ్వ కుట్టిన సంచిల నా ముక్క

అల్మారి పైఅర ఖాళీ చేస్తుంటె నా బొంత సంచి మీద పడ్డది. దాంతోని డాంబర్ గోలీల వాసన, దాని కింద ఎక్కడ్నో ఎండల కాగిన పత్తి వాసన. ఐదేండ్లల్ల ఖాళీ చేస్తున్న నాలుగో కిరాయి ఇల్లు ఇది. పొద్దటి నుంచి సామాన్ల బండోనితోని ఫోన్ల లొల్లి పెట్టుకుంటనే ఉన్న. ఆ వాసన తగిలినంక ఇగ అరిచే ఓపిక కూడ లేక, గచ్చు మీద కూలబడి సంచి ఒళ్లె పెట్టుకున్న.

మా బాపును కన్నతల్లిని, బాపు లెక్కనే మేము కూడ అవ్వ అనే పిలిచేది. జమ్మికుంటల ఉండె. చిన్నప్పుడు చర్చోళ్ల మిషన్ హాస్టల్ల ఉన్నప్పుడు కుట్టు నేర్చుకున్నదట. చదువు ఐదో తరగతి కాడ ఆగింది గాని కుట్టు ఆగలే. ప్రతి క్రిస్మస్‌కు ఇంట్ల ఒకలికి సంచి కుట్టి ఇచ్చేది. పాత బట్టల ముక్కలు అతికి, రెండు పొరల నడుమ పత్తి పరిచి, బొంతకేసినట్టె చేత్తోని వరుసగ కుట్లేసిన సంచి.

సెలవులకు మేము హైదరాబాద్ నుంచి దిగేసరికి పత్తి బండ్లు మార్కెట్ యార్డు దిక్కు కదులుతుండేటియి. దారి పొంటి తుమ్మకంపకు తట్టుకున్న పత్తి, మట్టిల రాలిన పత్తి నేను, మా పెద్దబాపు బిడ్డ రూతక్క ఒడి నిండ ఏరుకొస్తె, అవ్వ మమ్మల్ని ఎండల కూసోబెట్టి గింజలు తీపిచ్చేది. నూగు ముక్కులకు పోయి తుమ్ములు, లోపల పెద్దమ్మ నూనెల గర్జెలు గోలిస్తుంటె బెల్లం, కొబ్బరి వాసన, ఇంటి మీద వెదురు బద్దల నక్షత్రం, పొద్దుమూకినంక ఎక్కడ్నో పాటలోళ్ల డప్పు. అవ్వ సాసర్ల చాయ్ ఊదుకుంట తాగి, కొంగుకు గుచ్చిన సూది తీసి మళ్ల మొదలువెట్టేది. తప్పు పడితె ఎంత పొద్దయినా సరే, పాత కుట్టు మొత్తం విప్పంది కొత్త అతుకు వెయ్యకపోయేది.

ఆమెకొక పట్టు ఉండె. ఎవల సంచిల వాళ్ల బట్ట ఉండద్దు, మిగిలినోళ్లందరియి ఉండాలె. ఎందుకవ్వా అంటె, "నీ బట్ట నీ ఒంటి మీద ఉన్నది సాలదా పిల్లా, సంచిల కూడ నువ్వేనా" అనేది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు రూతక్క హాస్టల్‌కు పోవాలె. ఆ ఏడు సంచి దానిదే. ఒకనాడు లేచి చూస్తె ఆ సంచి ముందట, నట్టనడుమ, తెల్ల చుక్కల నా నీలం ఫ్రాకు. నాకు ఎప్పుడో బిగుతయింది, కానీ అది నాది. నన్నెవలు అడగలే.

"ఏందే గట్ల సూస్తవు? నీ ఫ్రాకు మీద నా దువ్వెన పెట్టుకుంట," అన్నది రూతక్క.

నాకు తిక్క లేసింది. అందరు బువ్వ తింటుంటె కత్తెర దొరకవట్టుకొని, కుట్లు విప్పే ఓపిక యాడిది, ఆ ముక్కను అడ్డదిడ్డంగ కోసి పీకి గర్జెల పొయ్యిల పడేసిన. సంచిల నుంచి పత్తి బయటికెళ్లింది.

అవ్వ కొట్టలే. ఆ బొక్కల ఏలు పెట్టి సూసి, "నువ్వే ఉండనంటివి, నేనేం జేస్త బిడ్డ," అన్నది. పెట్టెల నుంచి తను ఆదివారం చర్చికి కట్టే తెల్ల చీర తీసి, కొంగు కోసి, ఆ జాగల అతికింది. ఆ తర్వాత సంచులకు నా బట్టలు తీసుకోలే. రోషానికి నేను ఇయ్యలే. నా పదోతరగతప్పుడు నాకిచ్చిన గీ సంచే అవ్వ ఆఖరుది. దీంట్ల బాపు అంగీ ఉన్నది, పెద్దమ్మ చీర ఉన్నది, రూతక్క లంగ ఉన్నది.

మరి నేను ఎవల దాంట్ల ఉన్న? సంచి ఫోటో తీసి ఇంటోళ్ల గ్రూపుల పెట్టి అడిగిన, నా బట్ట ఉన్న పాత సంచి ఎవలి కాడన్న ఉన్నదా అని. ఇద్దరు బొటనేలు పెట్టిన్రు. చిన్నబాపు, మాది ఎలుకలు కొట్టినయ్, ఎప్పుడో పారేసినం అని రాసిండు. అవ్వ పోయి ఆరేండ్లు. ఇంట్ల మూలకున్న ఆమె పాత కుట్టుమిషన్‌ను ఇనుప సామానోడు కొంచపోయిండు. పత్తి ఇప్పుడు తాటిపత్రి కప్పిన ట్రాలీలల్ల పోతున్నది, దారిల ఏరుకునేటోళ్లు లేరు.

ఆఖరికి రూతక్క వాయిస్ మెసేజ్ వచ్చింది. "నాది ఉన్నదే, మా పిల్ల రంగు పెన్సిళ్లు ఏసుకుంటది. గాని దాంట్ల నువ్వు లేవు గద, పొయ్యిల పడ్డవు." నవ్వుకుంటనే అన్నది. ఆ ఎనుకనే తన సంచి ఫోటో పంపింది.

ఏళ్లతోని పెద్దగ చేసి చూసిన. తెల్ల ముక్క చుట్టు అవ్వ సన్న కుట్లు. ఒక దిక్కు, ఆ తెలుపు కింద నుంచి గోరంత నీలం తొంగి చూస్తున్నది, దాని మీద సగం తెగిన ఒక చుక్క. నేను కోయంగ మిగిలిన అంచు. అవ్వ దాన్ని విప్పలే.

కింద బండోడు హారన్ కొడుతున్నడు. స్క్రీన్ ఆరిపోతుంటె ఏలుతోని ముట్టుకుంట గట్లనే కూసున్న.